మొదటి పళ్ళెం

అర్జెంతీనా అనే పేరున్న ముసలమ్మ, మొల్దోవా దేశం నుంచి పనికొచ్చిన దోయినా కుడిచేతి బొటనవేలు పట్టుకుని, అటూ ఇటూ తిప్పి, గోరు పక్కన చర్మాన్ని నెమ్మదిగా నొక్కి చూసింది. ఆవిడకి చూపు ఆనడం మానేసి కొంతకాలమైంది. ఇప్పుడు మనిషినైనా వస్తువునైనా వేళ్ళతోనే చూస్తుంది.

"కాయ కాసింది," అంది. "ఇదీ బొటనవేలంటే."

ఉడికించిన పాలకూర గిన్నె పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డ కోడలు లోరెదానాకి ఆ మాట వినగానే ఒళ్ళు భగ్గుమంది.

మా ఆర్దా లోయలో ఆ మాట ఎవరినీ ఊరికే అనరు. రొట్టెపొడి, గోధుమపిండి కలిపి చిక్కుడు గింజలంత ముక్కలు చేసి, ఒక్కో ముక్కనీ బొటనవేలితో బల్లమీద నొక్కి దొర్లిస్తే పిసరేయి అవుతాయి. ఇంటిల్లిపాదికీ ఒక పూటకి చెయ్యాలంటే వేలు అరిగిపోవలసిందే. అందుకే వెనకటి రోజుల్లో పిల్లని చూడబోయిన అత్తగార్లు మొహంకన్నా ముందు బొటనవేలు చూసేవారు. లోరెదానా ఎర్మెస్‌ని చేసుకుని పట్నం బొత్తాల ఫ్యాక్టరీ నుంచి ఈ ఇంటికి వచ్చిన రోజున అత్తగారు ఆమె వేలు కూడా పట్టుకుని చూసింది. చూసి, వదిలేసి, "సరే, చేతులు కడుక్కురా," అంది. అప్పట్నుంచీ ఈ ఇంట్లో ఆ వేలు నొక్కని పిండి లేదు. మళ్ళీ పట్టుకుని చూసినవాళ్ళు మాత్రం లేరు.

ఈ దోయినా వచ్చింది నిన్నగాక మొన్న. ముసలమ్మని లేవదీయడానికి, స్నానం చేయించడానికి, రాత్రిళ్ళు పక్కగదిలో పడుకోవడానికి తెచ్చుకున్న మనిషి. నలభై దాటిన గట్టి మనిషి. నవ్విందంటే కింద వైను గదిలో ఉన్న ఎర్మెస్‌కి కూడా వినపడుతుంది. చలికాలమంతా పొలాల మీద మంచు తెర లేవక, చేసే పనిలేక, ముసలమ్మ పక్కన కూర్చుని ఆవిడ చెప్పినట్టల్లా పిండి పిసికింది. అలా పిసికి పిసికి నా చోటుకే ఎసరు పెట్టింది అని లోరెదానా అనుకుంది.

తిజియానో అప్పుడే ఫోన్ పట్టుకుని వాళ్ళిద్దరి చేతుల ఫోటో తీస్తున్నాడు. బస్సుల్లో వచ్చేవాళ్ళని పైన ఊళ్ళో కోట, గుడి తిప్పి చూపించి, అక్కణ్ణుంచి ద్రాక్షతోటల మీదుగా మా ఇళ్ళకి దింపే గైడు అతను. ఈ ఆదివారం బెల్జియం బస్సు వస్తోందనీ, వరండాలో పెద్ద బల్ల వేసి మామ్మనీ దోయినానీ పక్కపక్కన కూర్చోబెడదామనీ చెప్పాడు. మామ్మ మాట్లాడుతుంటే దోయినా పాలకూర పెట్టిన తోర్తెల్లి పొట్లాలు అల్లుతుందిట. చూసేవాళ్ళు మతిపోగొట్టుకుంటారుట.

ప్రతి వసంతంలోనూ ఆ బల్ల దగ్గర ముసలమ్మే కూర్చుని తనే అల్లేది. ఈ ఏడు ఆవిడ వేళ్ళు బిగుసుకుపోయాయి. పక్కన ఇంకో కుర్చీ పడక తప్పదని లోరెదానాకి తెలుసు. ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటే రేపు ఈ వంటిల్లు వాళ్ళదని లోయంతా అనుకుంటుందనీ తెలుసు. అది తనది కాకపోతే ఇంకెవరిది అనే ఇన్నాళ్ళూ అనుకుంది.

"నువ్వు పొయ్యి దగ్గర లేకపోతే మాకు ఎట్లా గడుస్తుందమ్మా," అన్నాడు తిజియానో, ఆమె మొహం చూసి.

ఆమె పాలకూరని గుడ్డలో మూటగట్టి, నీళ్ళన్నీ కారిపోయేదాకా పిండింది. కారిపోయాక కూడా పిండుతూనే ఉంది. సాయంత్రం వైను గదిలోకి వెళ్ళి సంగతి మొగుడి చెవిన వేసింది. ఎర్మెస్ గుత్తూర్నియో వైను సీసాల్లోకి పోస్తున్నాడు. రబ్బరు గొట్టం వేలితో మూసి, ఒక సీసా తీసి ఇంకో సీసా పెట్టి, వేలు వదిలి, నురుగు గొంతు దాకా రాగానే మళ్ళీ మూస్తున్నాడు. మీ అమ్మ దాని వేలు పట్టుకు చూసింది అని ఆమె అంటే, చూపులేని మనిషి, చేతికందింది పట్టుకుంటుంది అన్నాడు. వేలు పట్టుకుంటే ఏమిటో నీకు తెలీదా అని ఆమె రెట్టిస్తే, అతను ఈ సీసా పొంగిపోతోంది కాస్త ఆ బిరడా అందుకో అన్నాడు. ఆమె బిరడా అందించి పైకి వచ్చేసింది.

*

శుక్రవారం పొద్దున్నే బల్ల దగ్గర పని మొదలైంది. గుడ్లు కొట్టి కలిపిన పిండిని లోరెదానా పొడుగాటి కర్రతో ఒత్తుతూ, కర్రకి చుట్టి, విప్పి, మళ్ళీ ఒత్తుతూ, కింద బల్ల చెక్క గీతలు కనిపించేంత పల్చగా రేకు తీసింది. చదరాలుగా కోసింది. పాలకూర, రికొత్తా అనే మెత్తటి జున్ను, తురిమిన గట్టి జున్ను, జాజికాయ పొడి కలిపిన ముద్దని ఒక్కో చదరం మధ్యలో పెట్టింది. అంతవరకూ ఆమెకి ఈ లోయలో ఎదురులేదు. ఆ తరవాతదే చిక్కు.

మా తోర్తెల్లికి తోక ఉండాలి. చదరాన్ని ఎడమ అరచేతిలో పెట్టుకుని, కుడి అంచు ఒక మడత, ఎడమ అంచు ఒక మడత, దాని మీద మళ్ళీ కుడిది, ఆడపిల్లకి జడ అల్లినట్టు కొసదాకా అల్లి, చివరని మెలిపెట్టి సన్నగా లాగాలి. కజ్జికాయ అంచు మడవడం వచ్చిన చేతికి ఇది సగం వచ్చినట్టే. మిగతా సగం కొందరికి ఎప్పటికీ రాదు. లోరెదానా మొదలు బాగానే పెడుతుంది. నాలుగు మడతలు పడేసరికి ఆమెకి తొందర పుడుతుంది. పిండి ఆరిపోతుందని, కూర బయటికి వస్తుందని వేళ్ళు గట్టిపడతాయి. దాంతో కొస దగ్గర పిండి ముద్దకట్టి తోక లావైపోతుంది. "బల్లి తోక," అనేది అత్తగారు, వేళ్ళతో తడిమి. ప్రతిసారీ అదే మాట. తిట్టినా బావుండేది. నవ్వుతూ అనేది.

దోయినా ఎదురుగా కూర్చుని అల్లుతోంది. అల్లుతూ చెవికి తగిలించుకున్న ఫోన్లో ఎవరితోనో వాళ్ళ భాషలో గలగలా మాట్లాడుతోంది. చేతుల వంక చూడనే లేదు. అయినా ఒక్కో తోర్తెల్లీ ఆమె అరచేతిలోంచి సన్నటి తోకతో జారి చెక్కపలక మీద పడుతోంది. లోరెదానా చూడకూడదనుకుంటూనే చూసింది. అది అసూయ అని ఆమెకి తెలుసు. ఈ వయసులో, జీతానికి వచ్చిన మనిషి మీద, పిండి మడత కోసం అసూయ. సిగ్గేసింది. సిగ్గేసినా కుళ్ళు తగ్గలేదు, ఇంకాస్త పెరిగింది.

దోయినా ఫోన్ పెట్టేసి, "లోరెదానా గారూ, ఈ ఆదివారం నాకివ్వండి," అంది. "మా ఊరి వ్యాను వస్తోంది. అందులో మా చెల్లెలు వస్తోంది. పొద్దున పియాచెంజాలో ఆగి, మధ్యాహ్నం జెనోవా వెళ్ళిపోతుంది. దాన్ని చూసి ఎన్నాళ్ళయిందో."

"మంగళవారం తీసుకున్నావుగా."

"మంగళవారం ఆ పార్కులో పావురాలుంటాయి. మావాళ్ళుండరు."

మా దగ్గర ముసలివాళ్ళని చూసుకునే ఆడవాళ్ళందరికీ ఆదివారమే సెలవు. పియాచెంజా పట్నంలో స్టేషను ఎదుటి తోటలో బెంచీల మీద చేరి, ఇళ్ళనుంచి వచ్చిన పొట్లాలు విప్పుకుని, తిని, ఏడ్చి, నవ్వుకుని సాయంత్రానికి తిరిగొస్తారు. ఈ వసంతం మొదలైనప్పట్నుంచీ లోరెదానా దోయినాకి ఒక్క ఆదివారం కూడా ఇవ్వలేదు. ఆదివారాలే టూరిస్టులొచ్చేది. ముసలమ్మని చూసుకునే మనిషి కావాలి. అది న్యాయం కాదని ఆమెకీ తెలుసు గానీ అడిగేవాళ్ళెవరు?

"ఆదివారం నిన్ను చూడటానికి బస్సు నిండా జనం వస్తున్నారు," అంది లోరెదానా కర్రని పిండిమీద గట్టిగా నొక్కుతూ. "రాణీగారు లేకపోతే ఎట్లా?"

"నన్ను చూడటానికి బెల్జియం నుంచి ఎందుకూ? నన్ను చూడటానికి మా చెల్లెలొస్తోంది."

"వీల్లేదు."

నిజానికి దోయినాని పంపేస్తే ఆ కుర్చీ ఖాళీ అవుతుంది. లోరెదానాకి ఆ మాట తట్టకపోలేదు. కానీ ఖాళీ అయిన కుర్చీ ఎవరికి కావాలి? ఆ పిల్ల లేదు గనక సరే నువ్వే కూర్చో అనిపించుకోవడం ఎవరికి కావాలి? దోయినా ఉండగా, అందరూ చూస్తుండగా, అత్తగారు తన పేరు పెట్టి పిలవాలి. అదొక్కటే ఆమెకి కావలసింది. అందుకోసం ఒక మనిషి చెల్లెల్ని చూసుకోకుండా పోతోందన్న సంగతి ఆ పొద్దున ఆమె బుర్రలోకి ఎక్కలేదు. పైగా ఈ చెల్లెలు, వ్యాను అంతా బెట్టు చేయడానికి ఆడుతున్న నాటకమని కూడా అనుకుంది.

 దోయినా ఫోన్ అద్దం మీద అంటిన పిండిని నడుముకి కట్టుకున్న కొంగుగుడ్డతో తుడుచుకుంది. కిటికీ పక్కన కూర్చున్న ముసలమ్మ జపమాల తిప్పుతూ అంతా విన్నది. ఆవిడకి కళ్ళు పోయాయి గానీ చెవులు పాముచెవులు.

*

శనివారం రికొత్తా తక్కువైతే లోరెదానా పైన ఊళ్ళోకి వెళ్ళింది. వానకి తడిసిన రాళ్ళ మెట్లెక్కి చౌకు చేరేసరికి, బురుజు కింద తిజియానో ఒక చిన్న గుంపుని నిలబెట్టి చెబుతున్నాడు. ఏ రాజు ఏ గోడ కట్టాడో, ఏ కిటికీలోంచి ఎవరు ఎవరిమీద మరిగే నూనె పోశారో అతనికి నోటికి వచ్చు. సగం నిజం, సగం అతని వంట. జనం తలలెత్తి బురుజు చూస్తున్నారు. పిల్లలు పావురాల వెంట పడుతున్నారు.

ఆమెకి బురుజు చూసే ఓపిక లేదు. దుకాణంవైపు నడుస్తుంటే తిజియానో గొంతు మారడం వినిపించింది. రాళ్ళ గురించి చెప్పేటప్పుడు లేని తీపి ఇప్పుడు గొంతులో ఉంది. ఫోన్ ఎత్తి అందరికీ చూపిస్తున్నాడు. ముడతల చేతులు, వాటి పక్కన గట్టి చేతులు. "ఈవిడ మా లోయ తోర్తెల్లి మామ్మ. ఇవి ఆవిడ వారసురాలి చేతులు," అంటున్నాడు.

వారసురాలు. ఆ మాట దుకాణం దాకా ఆమెతోపాటే వచ్చింది. రికొత్తా తూస్తూ దుకాణందారు నోర్మా, మీ దోయినా ఫోటో మా కోడలి ఫోన్లోకి కూడా వచ్చిందే, ఏం చేతులవి అంది. పుండుమీద కారం చల్లడం నోర్మాకి పుట్టుకతో వచ్చిన విద్య. లోరెదానా చిల్లర కూడా లెక్క చూసుకోకుండా వచ్చేసింది.

ఇంటికి వచ్చి తలుపేసుకుని ఒంటరిగా ఒక పలక నిండా తోర్తెల్లి అల్లింది. తొందరపడకూడదని పళ్ళు బిగపట్టి అల్లింది. పెదవి కొరుక్కుంటూ, ఒక్కోటి అయ్యాక కిటికీ వెలుగులో పెట్టి చూసుకుంటూ అల్లింది. బాగానే వచ్చాయనిపించింది. తీసుకెళ్ళి చల్లగదిలో దోయినా పలక పక్కన పెట్టి గుడ్డ కప్పింది.

మా ఇళ్ళలో విందుకి ముందురోజు సాయంత్రం మొదటి పళ్ళెం పెద్దావిడకి పెట్టాలి. ఆవిడ తిని మాట చెప్పేదాకా ఎవరూ ఫోర్కు ముట్టుకోరు. బావుంటే బావుందంటుంది. బాలేకపోతే ఏమీ అనకుండా నీళ్ళు తాగుతుంది. లోరెదానా తన తోర్తెల్లి తిన్నాక అత్తగారు నీళ్ళు తాగడం చూసీ చూసీ ఉంది.

పొయ్యిమీద నీళ్ళు మరుగుతున్నాయి. పెనంలో వెన్న కరిగి సువాసన వేసే సేజి ఆకులు చిటపటలాడుతున్నాయి. బల్ల దగ్గర ముసలమ్మ, ఎర్మెస్, రేపటి ఏర్పాట్లు మాట్లాడటానికి వచ్చిన తిజియానో కూర్చున్నారు. దోయినా రొట్టె కోస్తోంది. లోరెదానా చల్లగదిలోకి వెళ్ళి తన పలకమీద గుడ్డ ఎత్తింది. పొద్దున కిటికీ దగ్గర బావున్నట్టే ఉన్నవి ఇప్పుడు బాలేవు. ప్రతి దాని కొసా ఉబ్బి ఉంది. బల్లి తోకలు. పక్క పలకమీద గుడ్డ ఎత్తింది. అవి జడకొసల్లా సన్నగా, ఒకేలా, వరసగా పడుకుని ఉన్నాయి.

ఆలోచించి చేసిందా అంటే లేదు. చెయ్యి అటు పోయింది. ఒక గుప్పెడు తీసి నీళ్ళలో వేసింది. తేలగానే తీసి, వెన్నలో దొర్లించి, జున్ను చల్లి, పళ్ళెం అత్తగారి ముందు పెట్టింది.

ముసలమ్మ ఫోర్కు తీసుకోలేదు. వేడి చూసుకుని, వేళ్ళతో ఒకటి పట్టుకుని, మొదట్నుంచి కొసదాకా మడత వెంట వేలు పోనిచ్చింది. కొస దగ్గర ఆగింది. "ఎవరివి?" అంది.

"నావే అత్తయ్యా."

రొట్టె కోస్తున్న చప్పుడు ఆగి, మళ్ళీ మొదలైంది. లోరెదానా అటు చూడలేదు.

ముసలమ్మ ఒకటి తింది. నమిలి మింగి రెండోది తింది. గడ్డానికంటిన వెన్న తుడుచుకుంది. గ్లాసు జోలికి పోలేదు. "వచ్చింది," అంది. "ఇన్నాళ్ళకి వచ్చింది నీ చేతికి. లోరెదానా, రేపు నా పక్కన నువ్వే కూర్చో. ఆ పిల్ల ఎక్కడికో పోవాలంటోందిగా, పోనీ దాన్ని."

ఎర్మెస్ పెళ్ళాం వంక చూసి గర్వంగా తలూపాడు. తిజియానో మొహం కాస్త చిన్నబోయింది, అతను దోయినా ఫోటో ఊరంతా పంచాడు మరి. అయినా మామ్మ మాటకి ఎదురులేదు. అందరూ ఫోర్కులు తీసుకున్నారు. ఇన్నేళ్ళుగా ఆశపడ్డ మాట చెవిన పడ్డాక లోరెదానాకి ఎట్లా ఉండాలి? ఫోర్కు పళ్ళెం పక్కన పెట్టేసింది. ఆ మాట తనకి చెప్పింది కాదు. ఆ వేళ్ళు తడిమింది తన చేతిపని కాదు. అత్తగారి నోటివెంట జీవితంలో మొదటిసారి వచ్చిన మెచ్చుకోలు కూడా దోయినాకే పోయింది. దొంగతనం చేసినా దక్కలేదు. ఆ కాసేపూ ఆమెకి దోయినా మీద ఉన్నంత కోపం లోకంలో ఎవరిమీదా లేదు.

తరవాత గిన్నెల దగ్గర ఇద్దరే మిగిలారు. దోయినా కడుగుతోంది, లోరెదానా తుడుస్తోంది. ఇప్పుడు అడుగుతుంది, ఇప్పుడు అరుస్తుంది అని లోరెదానా ఎదురుచూస్తోంది. అరిస్తే బావుణ్ణు అని కూడా ఉంది. మాటకి మాట అనొచ్చు.

"అవి నావి కదూ?" అంది దోయినా, పళ్ళెం మీద నీళ్ళు పోస్తూ.

లోరెదానా గుడ్డ దులిపి ఇంకో పళ్ళెం అందుకుంది.

దోయినా ఒక్కసారి నవ్వింది. "ఆ మాట ముందే చెప్పుంటే వసంతమంతా పలకలు పలకలు చేసి మీ పేరు మీద పెట్టేదాన్ని కదండీ. నాకు ఆదివారం దొరికింది. చాలు."

ఆ నవ్వులో ఎత్తిపొడుపు ఉందేమోనని లోరెదానా వెతికింది. లేదు. ఉత్త సంతోషం. తను దేనికోసం ఇన్నాళ్ళు కడుపుమంటతో వేగిపోయిందో దాన్ని ఆ మనిషి ఎంగిలి నీళ్ళలా తొట్టిలో ఒంపేసింది. తుడిచిన పళ్ళేన్నే మళ్ళీ తుడుస్తూ లోరెదానా అక్కడే నిలబడిపోయింది.

*

ఆదివారం పొద్దున దోయినా పెదాలకి రంగు వేసుకుని, ఎత్తుమడమల చెప్పులు సంచిలో పెట్టుకుని, రబ్బరు బూట్లతో బురదదారి దాటి మొదటి బస్సుకి వెళ్ళిపోయింది. ముసలమ్మకి జుట్టు దువ్వడం, మేజోళ్ళు తొడగడం లోరెదానా చేసింది. మేజోడు మడమ దగ్గర మెలిపడితే ముసలమ్మ, దోయినా అయితే అంటూ మొదలుపెట్టి ఊరుకుంది.

బెల్జియం వాళ్ళు కోట చూసి, గుడి చూసి, ఎండకి ఎర్రబడ్డ మొహాలతో దిగారు. ఎర్మెస్ వాళ్ళకి తెల్ల పింగాణీ గిన్నెల్లో గుత్తూర్నియో పోశాడు. గిన్నెలో వైను తాగడం వాళ్ళకి వింత. గిన్నె అంచున ఊదారంగు నురుగుని కూడా ఫోటో తీసుకున్నారు. కొప్పా అనే ఊరపెట్టిన పందిమాంసం ముక్కలు, వేడివేడి పొంగు రొట్టెలు అయిపోయాక అందరూ వరండాలో బల్లచుట్టూ మూగారు.

బల్ల వెనక రెండు కుర్చీలు. ఒకదాంట్లో ముసలమ్మ, నల్లగౌను మీద తెల్ల కొంగుగుడ్డతో. రెండోదాంట్లో లోరెదానా. ఎన్నాళ్ళుగానో కోరుకున్న కుర్చీ. కూర్చుని చదరం అరచేతిలో పెట్టుకుంది. ఇన్ని ఫోన్లు చేతులవంక గురిపెట్టి ఉంటే మడత పడటం మానేసింది. మొదటిది కూర కక్కింది. రెండోది సరిగ్గా వచ్చి కొస దగ్గర ఉబ్బింది. వాళ్ళకి తెలీదు గనక రెండింటికీ చప్పట్లు కొట్టారు. తిజియానో ఫ్రెంచిలో ఏదో తీయగా చెబుతున్నాడు.

ముసలమ్మ చెయ్యి చాపి పలకమీది ఒకటి తీసుకుంది. వేలు మడత వెంట కొసదాకా పోయింది. నవ్వలేదు, బల్లి తోక అనలేదు. మూతి కదిలీ కదలనట్టు, పక్కనున్న మనిషికి మాత్రం వినపడేలా అంది. "మొన్న తిన్నవి నీవి కావు."

"నిన్న," అంది లోరెదానా.  తరవాత అడిగింది. "ఎప్పుడు తెలిసింది మీకు?"

"వేలు పెట్టగానే. దాని చెయ్యి నాకు తెలీదా? చలికాలమంతా నా మోకాలు పక్కన కూర్చుని అల్లింది."

"మరి నావని ఎందుకన్నారు?"

"ముందన్నదెవరే? నావే అన్నది నువ్వు. నేను కాదనలేదు, అంతే." ముసలమ్మ టూరిస్టుల వైపు మొహం పెట్టి చిరునవ్వు నవ్వుతూనే ఉంది. "అది చెల్లెల్ని చూసుకుంటానని నిన్ను బతిమాలింది. నువ్వు ఇవ్వలేదు. నిన్ను పిలిచి ఈ కుర్చీలో కూర్చోబెడితే తప్ప దాన్ని గడప దాటనివ్వవని నాకు తెలుసు. అందుకని పిలిచాను."

లోరెదానా చేతిలో పిండి చదరం ఆరిపోతోంది. వచ్చింది, ఇన్నాళ్ళకి వచ్చింది అన్న మాట ఈ ముసలి నోటివెంటే వచ్చింది. దొంగిలించుకున్న మాటైనా ఆవిడ నమ్మి అన్నదనుకుంది. అదీ కాదు. అది దోయినా ఆదివారానికి కట్టిన సుంకం. కళ్ళల్లోకి నీళ్ళు తోసుకొచ్చాయి. ముందు నిలబడ్డ ఒక పెద్దాయన ఆ కళ్ళు చూసి, ఉల్లిపాయలేమో అన్నట్టు బల్లంతా వెతికాడు.

అప్పుడే ఎర్రటోపీ పెట్టుకున్న ఒకావిడ ఏదో అడిగింది. ఈ విద్య నీకు నేర్పిందెవరు అని అడుగుతున్నారమ్మా అన్నాడు తిజియానో. అడుగుతూనే చెయ్యి ముసలమ్మ వైపు సగం చాపి ఉంచాడు, జవాబు అటే కదా అన్నట్టు. ముసలమ్మ కూడా గడ్డం కాస్త పైకెత్తింది. తన పేరు వినడానికి ఆవిడ ఎప్పుడూ అలాగే కూర్చుంటుంది.

"దోయినా," అంది లోరెదానా.

నిజానికి దోయినా ఆమెకి ఏమీ నేర్పలేదు. అత్తగారి మొహం ఎర్రబడాలని, ఆ ఎత్తిన గడ్డం దిగాలని, ఉత్త కక్షతో అన్నది. అనేశాక మాత్రం నోరు తేలికైంది. ఇంకోసారి గట్టిగా అంది. "దోయినా అనే ఆవిడ. మా ఇంట్లోనే ఉంటుంది. ఇవాళ ఆదివారం, ఆవిడకి సెలవు."

తిజియానో ఒక్క క్షణం తడబడ్డాడు. తరవాత ఫ్రెంచిలో చాలా పొడుగ్గా, చాలా అందంగా ఏదో చెప్పాడు. అందరూ ఒక్కసారిగా ముసలమ్మ వైపు తిరిగి, ఆ అంటూ చప్పట్లు కొట్టారు. ఎర్రటోపీ ఆవిడ వంగి ముసలమ్మ చెయ్యి ముద్దు పెట్టుకుంది.

"వాడు నా పేరే చెప్పాడు కదూ?" అంది ముసలమ్మ.

"మీ పేరే చెప్పాడు."

"దొంగ వెధవ," అంది ముసలమ్మ తృప్తిగా. చేతిలో తోర్తెల్లిని పలకమీద పెట్టేసి, "నువ్వు చెప్పింది విన్నాన్లే," అంది.

బస్సు వెళ్ళిపోయింది. గిన్నెలన్నీ కడిగి బోర్లించడం, ముసలమ్మని పడుకోబెట్టడం అయ్యాయి. ఇంకా ఎండ ఉండగానే దోయినా తిరిగొచ్చింది. పెదాల రంగు పోయింది, కళ్ళు ఉబ్బి ఉన్నాయి, చేతిలో చెల్లెలు తెచ్చిన పెద్ద పొట్లం ఉంది. వెనకవైపు మెట్టుమీద కూలబడి, బూట్లు విప్పి పాదాలు ఒత్తుకుంటోంది.

లోరెదానా కిటికీలోంచి చూసింది. పొయ్యి వెలిగించింది. తను అల్లినవే, బల్లి తోకలవే, కొన్ని ఉడికించి వెన్నలో దొర్లించి పళ్ళెంలో పెట్టుకుని మెట్టు దగ్గరికి వెళ్ళింది. దోయినా ఆశ్చర్యంగా చూసి పళ్ళెం అందుకుంది. చెల్లెలు బావుందా అని లోరెదానా అడిగింది. చిక్కిపోయిందని, వ్యాను కదిలేదాకా చెయ్యి వదల్లేదని దోయినా చెప్పింది. ఆపైన తినడం మొదలుపెట్టింది.

లోరెదానా వెళ్ళిపోలేదు. కొంగుగుడ్డలో చేతులు చుట్టుకుని నిలబడింది. దోయినా ఒకటి తింది. రెండోదాన్ని ఫోర్కుతో ఎత్తి, తోక వంక చూసింది. 

"ఉప్పు సరిపోయింది," అంది దోయినా.

"మడత?"

"మడత సంగతి రేపు," అంది దోయినా నోటినిండా పెట్టుకుని. "ఇవాళ నాకు సెలవు."

"సరే, రేపే," అంది లోరెదానా. పళ్ళెం ఖాళీ అయ్యేదాకా నిలబడి, అది తీసుకుని లోపలికి వెళ్ళింది.